స్టీలు మూత

ఎల్బీనగర్ కిరాయి గదిలో మహేందర్, నీళ్ల ట్యాంకు నిండగానే ఫోను మోగించే ఎలక్ట్రానిక్ బోర్డు తయారుచేశాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఇంటర్నెట్లో చూసి, నమ్మి ముందే డబ్బులిచ్చారు. అతని దగ్గర పనిచేసే, పదితో చదువాగిన జ్యోతిక ఒక్కో బోర్డునూ పరీక్షించి, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించేది.

ఆఖరి సంచి కూడా కొరియర్‌కు పోయింది. మిగిలిన ఒక్కదాన్ని జ్యోతిక దిల్‌సుఖ్‌నగర్‌లో తమ ఇంటి ట్యాంకుకు పెట్టుకుంది. నీళ్లు పొంగి మెట్ల మీదికొచ్చినా ఫోను మోగలేదు. మూత తీస్తే మోగింది. పెడితే ఆగింది.

వెంటనే మహేందర్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, మూత పెడితే సిగ్నల్ బయటికి వస్తలేదు."

"టెస్ట్ చేసినం గదనే?"

"మూత పెట్టకముందు చేసినమన్నా."



"అన్నీ పోయినయ్ గదమ్మా," అన్నాడు మహేందర్.

అంతలో మొదటి విడత అందుకున్నవాళ్లెవరో మెసేజ్ పెట్టారు: "డబ్బా వచ్చింది. భలే గట్టిగా ఉంది!"