నాయనమ్మ జోలపాటకి ప్లస్ ఏది, మైనస్ ఏది?

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి సాల్డరింగ్ చేస్తుంటే ఆ పొగ వాసనకి అటక మీది మా మ్యూజిక్ బాక్సు గుర్తొచ్చింది.

టేప్‌రికార్డర్లు విప్పి పారేసిన మన తరం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రామచంద్రపురంలో నేనూ అన్నయ్యా ఒక పాత మోటారుకి రబ్బరు బ్యాండు తగిలించి, చిన్న మేకులు కొట్టిన చపాతీ కర్రని తిప్పేవాళ్ళం. ఆ మేకులు విరిగిన గొడుగు ఊచల్ని మీటితే నాయనమ్మ జోలపాట వచ్చేది. చాటలో బియ్యం ఏరుకుంటూ ఆవిడ, "మళ్ళీ తిప్పండ్రా" అనేది. ఆ పాట ఆవిడతోనే పోయింది. ఈ పెట్టె మిగిలింది.

దింపి, బ్యాటరీ పెట్టబోయి ఆగిపోయాను. వినాయక చవితి సీరియల్ లైట్ల సెట్టు నుంచి కోసిన వైర్లు కదా, రెండూ ఆకుపచ్చవే. తేడాగా కలిపితే కర్ర వెనక్కి తిరిగి పాట తలకిందులైపోతుంది.

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"రెండు రకాలుగానూ వినిపించరా."

వినిపించాను.

"మొదటిదేరా! అచ్చం నాయనమ్మే." మళ్ళీ తిప్పమన్నాడు అన్నయ్య.

నాకేమో రెండోది విన్నప్పుడే కళ్ళు చెమర్చాయి.

ఏమీ అర్థం కావడం లేదు. మా ఇద్దరినీ పడుకోబెట్టింది ఒక్క నాయనమ్మే కదండీ?