రాతి గోడల మీద శ్లాబు

1978లో మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనే నాటికి పక్కింట్లో ఒక ఇటలీ పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. భార్య పోయింది. కూతురు నెవాడాలో కాపురముంటోంది. నేను కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ఓక్లండ్‌లో ఒక చిన్న ఆఫీసులో డ్రాయింగులు గీసేదాన్ని. పాత ఇటుక భవనాలు భూకంపానికి ఆగుతాయా, కూలుతాయా అని చూడడం మా ఆఫీసు పని. ఆ సంగతి తెలిశాక ఆయన నన్ను పేరుతో పిలవడం మానేసి "ఇంజనీర్" అని పిలిచేవారు. నాకు ఇంకా ఇంజనీరు లైసెన్స్ రాలేదని చెప్పినా వినిపించుకునేవారు కాదు.

ఆయన రాళ్ళ పని చేసిన మేస్త్రీ. దక్షిణ ఇటలీలో కొండ మీద వాళ్ళ ఊరు, రెండు వీధులూ ఒక చర్చీ. ఆ ఊళ్ళో వయసులు కూడా భూకంపాల లెక్కనే చెప్పుకునేవారట. "ఆ కంపానికి నేను తప్పటడుగులు వేస్తున్నాను", "ఈ కంపానికి నాకు పెళ్ళయింది" అని. ఆయనకు పద్దెనిమిదేళ్ళప్పుడు వచ్చినదానిలో ఇల్లు కూలి తల్లి చనిపోయింది. తండ్రీ తనూ కలిసి అదే చోట, కూలిన ఆ రాళ్ళనే ఏరి మళ్ళీ కట్టారు.

"ఇంకో చోటికి వెళ్ళలేదా?" అని అడిగాను.

"ఎక్కడికి? పొలం అక్కడే ఉంది. అమ్మని పూడ్చిందీ అక్కడే," అన్నారాయన.

1979 చివర్లో ఒక శనివారం మధ్యాహ్నం కాఫీకి పిలిచి ఒక ఫొటో చూపించారు. ఆ ఇల్లే. చెల్లెలూ, ఆవిడ కోడలూ, ఇద్దరు పిల్లలూ వాకిట్లో నిలబడి ఉన్నారు. మేనల్లుడు ఉత్తరాన టురిన్‌లో కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడట. ఇంటి కప్పు చెక్క దూలాల మీద పెంకులు. వాన పడితే కారుతోంది.

"వేసవిలో ఆ కప్పు తీయించి సిమెంటు శ్లాబు వేయిస్తున్నాను. ఇక కారదు, ఊగదు. బాగుంటుంది కదా, ఇంజనీర్?"

గోడ మూల వద్ద పూత ఊడిన చోట లోపలి రాళ్ళు కనిపిస్తున్నాయి. ఏటి ఒడ్డున ఏరిన గుండ్రటి రాళ్ళు. మధ్య నాసిరకం సున్నం. ఆ వారమే మా ఆఫీసులో సీనియర్ ఇంజనీరు ఇలాంటి గోడ గురించే చెప్పారు. భూమి ఊగితే ఆ రాళ్ళు ఒకదాని మీద ఒకటి నిలవవు. పైన బరువు పెంచితే ఆ బరువే గోడల్ని తోసేసి, కింద ఉన్నవాళ్ళ మీద పడుతుంది. నాకు తెలుసు. ఫొటో చూడగానే తెలిసింది.

కానీ ఆ గోడలు ఆయన తండ్రితో కలిసి కట్టినవి. "ఇందులో ఒక్కో రాయీ నా చేతుల మీదుగా పైకి లేచింది," అంటూ ఆయన వేలితో ఆ ఫొటోని నిమురుతున్నారు.

"ముందు అక్కడెవరైనా ఇంజనీరు గోడలు చూస్తే మంచిదేమో," అన్నాను.

"నువ్వు చూస్తున్నావు కదా!"

"ఫొటోలో ఏం తెలుస్తుందండీ," అనేసి కాఫీ తాగాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

"ఆయన ఆఫీస్‌కి వచ్చి కన్సల్ట్ చేశాడా ఏంటి? కాఫీకి పిలిచి అడిగాడు. నీకు లైసెన్సే లేదు. రేపు ఏమన్నా ప్రాబ్లమ్ అయితే నీ మీదకొస్తుంది. వదిలేయ్," అన్నాడు.

"శ్లాబు వేయొద్దని ఒక్క మాట చెబితే పోయేదేముందండీ?"

"చెప్పు మరి. పెద్దాయన బాధపడతాడు, అంతే."

నేను చెప్పలేదు. సోమవారం చెబుదామనుకున్నాను. తర్వాత క్రిస్మస్ వచ్చింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. వేసవిలో శ్లాబు పడింది. ఆ రోజు ఆయన మాకు సీసాడు వైన్ తెచ్చి ఇచ్చారు.

1980 నవంబరులో ఒక ఆదివారం. మాకు పొద్దున, అక్కడ సాయంత్రం చీకటి పడ్డాక. వాళ్ళ ఊరి వైపు భూకంపమని రేడియోలో విని ఆయన చెప్పులు లేకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చారు. తన ఫోన్ నుంచి ఊరికి కలవడం లేదని మా ఫోన్ అడిగారు. మా ఫోన్‌లోనూ కలవలేదు. అలా నాలుగు రోజులు. ఐదోనాడు మేనల్లుడు టురిన్ నుంచి ఊరు చేరి, అక్కడ సైన్యం పెట్టిన ఫోన్ నుంచి మాట్లాడాడు. నలుగురూ పోయారు. నలుగురూ ఒకే గదిలో ఉన్నారు.

ఆయన వెళ్ళి రెండు నెలలు ఉండి వచ్చారు. వచ్చిన మర్నాడే మా వంటింట్లో కూర్చుని జేబులోంచి ఇంకో ఫొటో తీశారు. గోడలు లేవు. రాళ్ళ కుప్ప మీద శ్లాబు ఒక పక్కకి వాలి ఉంది. ఎక్కడా విరగలేదు.

"కాంక్రీటు మంచిదే," అన్నారు. ఫొటో బల్ల మీద పెట్టి, "పాత చెక్క కప్పే ఉండి ఉంటే?" అని అడిగారు.

ఈసారి అబద్ధం చెప్పలేకపోయాను. "గోడలు ఎలాగూ పడేవి. కానీ దూలాల కింద సందు దొరికేదేమో. కొందరైనా బతికేవారేమో."

"నీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

ఆయన ఫొటో జేబులో పెట్టుకుని, కుర్చీని జాగ్రత్తగా బల్ల కిందకి జరిపి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మూడేళ్ళు పక్కపక్కనే ఉన్నా ఆయన నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. రెండుసార్లు వెళ్ళి తలుపు కొట్టాను. లోపల అడుగుల చప్పుడు వినిపించేది, తలుపు మాత్రం తెరుచుకునేది కాదు. ఒక ఉత్తరం రాసి పోస్టు డబ్బాలో వేస్తే, విప్పకుండానే మా డబ్బాలోకి తిరిగి వచ్చింది. 1984లో కూతురు వచ్చి ఆయన్ని తనతో తీసుకెళ్ళింది. మరుసటేడు నెవాడాలోనే పోయారని ఇల్లు కొన్నవాళ్ళు చెప్పారు.

నేను లైసెన్స్ పరీక్ష పాసయ్యాను. మా ఫ్రీమాంట్ కిందా భూకంపాలు పుట్టించే భూమి పగులు ఉంది. మా వీధి చివర కాలిబాట అంచు ఏటా కాస్త కాస్త జరుగుతూ జానెడు పక్కకి పోయింది. ఇళ్ళు కొనడానికి వచ్చే తెలుగువాళ్ళకి అది చూపించి చెప్పేదాన్ని. "అందరూ కొంటున్నారు కదా ఆంటీ, రేట్స్ పెరిగిపోతున్నాయి," అనేవారు. నేనూ అమ్ముకుని పోలేదు. మా ఆయన ఉద్యోగం, పిల్లల స్కూలు ఇక్కడే.

1989 అక్టోబరులో మా వైపూ భూమి ఊగింది. మా ఇల్లు నిలిచింది. ఓక్లండ్‌లో రెండంతస్తుల ఫ్రీవే కూలి, కింది రోడ్డు మీదున్న కార్లు నలిగిపోయాయి. ఆ నెలంతా పాత భవనాలు చూస్తూ తిరిగాను. ఇటుకలతో కట్టిన ఒక బట్టల కొట్టు వెనక గోడ బొజ్జలా ఉబ్బి ఉంది. యజమానికి అక్కడే నిలబడి చెప్పాను. మెత్తగా కాదు. "ఇది పడుతుంది. పడినప్పుడు లోపల ఉన్నవాళ్ళు చచ్చిపోతారు."

ఆయన ఓపికగా విన్నాడు. "మొన్న పడలేదుగా మేడమ్," అన్నాడు. నా రిపోర్టు మడిచి సొరుగులో పెట్టి, కొట్లోకి అడుగుపెట్టిన తల్లీకూతుళ్ళకి ఎదురెళ్ళాడు.