మేనత్తకు బాపు రాసిన ఇల్లు

పక్షవాతం వచ్చాక మా బాపు చెయ్యి మెల్లగా కుదురుకుంది గానీ మాట ముద్దగానే ఉండిపోయింది. ఒకరోజు మా తమ్ముడి చేత ఫోన్ చేయించి నన్ను రమ్మన్నాడు. నేను ఉండేది నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర. మా ఊరు ఎడపల్లి చేరేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇల్లు... అత్తకు రాస్త," అన్నాడు.

అత్త బాపు చెల్లెలు. పెళ్లయిన కొత్తలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మమ్మల్ని కన్న అవ్వ పోయాక తమ్ముణ్ణీ నన్నూ సాకింది ఆమే. ఆమె పేరున మాత్రం ఎక్కడా గజం జాగా లేదు.

తమ్ముడికి నచ్చలేదు. "అత్తను మేం ఎల్లగొడ్తమా బాపు? కాయిదం ఎందుకు?"

"నువ్వు మంచోనివే. నీ ఎనుక అచ్చేటోళ్లు?"

అత్త కూడా వద్దంది. "పిల్లలకు నా మీద మనసు ఇరుగుతది అన్నా." బాపు వినకుండా వకీలును పిలిపించాడు.

పొలం తాతల నాటిది, ఇల్లు మాత్రం బాపు చెరకు పండించి కట్టింది. సొంత సంపాదన కాబట్టి ఎవరికైనా వీలునామా రాయొచ్చన్నాడు వకీలు. "ఆమె బతికినన్ని రోజులు ఉండేటట్టు రాద్దాం, తర్వాత పిల్లలకు వస్తది," అని కూడా సలహా ఇచ్చాడు.

బాపు తల అడ్డంగా ఊపాడు. "పూర్తిగ ఆమెకే."

బోధన్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్లాం. అధికారి పేరు అడిగితే బాపు నోరు తెరిచేలోగా నేను చెప్పేశాను.

"మీరు ఆగండమ్మా. ఆయననే చెప్పనియ్యండి."

బాపు ప్రయత్నించాడు. నాలుక తిరగలేదు. డాక్టరు సర్టిఫికెట్‌తో, మాట కొంచెం కుదిరాక రమ్మన్నాడు అధికారి, మర్యాదగానే.

మర్నాటి నుంచి బాపు చెరకు తోట పక్క బాటలో కర్ర పట్టుకుని నడుస్తూ ఆఫీసులో చెప్పాల్సింది పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. 'కష్టార్జితం' అన్న మాట పలకడం కష్టమైంది. దాన్ని వదిలేసి, "నేను కట్టిన ఇల్లు," అనుకున్నాడు. పొలానికి పోతూ వస్తూ తమ్ముడు వినేవాడు. ఒక పొద్దున వాడే ఆగి, "ఇల్లు అన్నంక జర ఊపిరి తీస్కో బాపు," అన్నాడు. ఆ తర్వాత కాయిదం ఎందుకని మళ్లీ అడగలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు సాక్షులిద్దర్నీ ఉంచి మమ్మల్ని బయటికి పంపారు. తలుపు దగ్గరే నిలబడ్డాం. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. అప్పుడు అధికారి అడిగాడు, "పిల్లలున్నరు కదా, వాళ్లకెందుకు ఇస్తలేరు?"

అది బాపు సాధన చేయని ప్రశ్న. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వాళ్లకు... పొలం ఉన్నది. నా చెల్లెకు నేనొక్కన్నే ఉన్న. నేను పోయినంక ఇల్లన్న ఉండాలె."

ఒక్కో మాటా స్పష్టంగా వినిపించింది. తమ్ముడు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

బాపు ఇంకో చెరకు పంట చూసి పోయాడు. దినాలయ్యాక ఒక దాయాది వచ్చి, ఇల్లు అమ్మి పంచుకుంటే మంచిదని తమ్ముడికి చెప్పాడు.

"ఇల్లు మాది కాదు. అత్తనడుగు," అన్నాడు తమ్ముడు.

అత్త వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "అమ్మేది లేదు," అంది, అంతే.

వానలు రాకముందే పాత రేకులు తీయించి స్లాబు వేయించుకుంది. అందుకు మాలో ఎవరినీ అడగలేదు.