రూటర్‌కు తగిలించిన గొంతు

మా వదిన ముఖం చూసినవాళ్లు ఊళ్లో తక్కువ. గొంతు విననివాళ్లు ఇంకా తక్కువ. బస్టాండులో ఒక అద్దాల గది ఉండేది. రిటైరయ్యేదాకా ఆ గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పిన మనిషి ఆవిడ. కూరగాయల కొట్టులో "అరకిలో ఇవ్వు" అంటే చాలు, కొట్టువాడు తలెత్తి, ఈ గొంతు ఎక్కడో విన్నానే అన్నట్టు చూసేవాడు. వదిన ఇంటికొచ్చి అది మాకు చెప్పి నవ్వేది.

ఆవిడ కాపురానికి వచ్చేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పుడు "అబ్బాయ్" అని పిలిచింది. ఇప్పుడు నా జుట్టంతా నెరిసినా ఆ పిలుపు మారలేదు. నేను పెళ్లి చేసుకోలేదు. అన్నయ్య ఇంట్లోనే, వీధి వైపు గదిలో, నా పుస్తకాలతో ఎవరికీ అడ్డం లేకుండా బతికాను. అడ్డం లేకుండా అన్నది నా మాట. ఊడ్చినప్పుడల్లా పుస్తకాల దొంతరలు జరిపే వదినను అడిగితే వేరేగా చెబుతుంది.

నిరుడు నా కుడికన్ను మొరాయించింది. అక్షరాల వరుస మధ్యలో గుంటలో పడి, మళ్లీ పైకి లేచేది. ఎడమ కన్ను చిన్నప్పటినుంచీ అంతంతమాత్రం. చదవడానికి నాకున్నది ఆ కుడికన్ను ఒక్కటే. పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ చూసి, కంటి వెనకపొరలో చిల్లు పడిందని చెప్పింది. ఆపరేషన్ చేసి కంట్లోకి గాలిబుడగ ఎక్కిస్తారట. ఆ బుడగ చిల్లును అదిమి పట్టాలంటే నేను బోర్లా పడుకుని, పది రోజులపాటు రాత్రీ పగలూ ముఖం నేలకేసి ఉండాలట. "సగం పని నాది, సగం మీ మెడది" అంది ఆవిడ. తల ఎత్తితే చిల్లు మూసుకోకపోవచ్చు. మూసుకోకపోతే నా చదువు అంతటితో సరి.

అన్నయ్య కూతురి ఉద్యోగం ఆ పట్నంలోనే. తన ఇంట్లో ఉండమంది. కానీ తను పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని రాదు. ఒక్క పూట పుస్తకం లేకపోతే కాలుకాలిన పిల్లిలా తిరిగే బాబాయి అన్నాళ్లు కదలకుండా ఎలా ఉంటాడని దాని బెంగ. నా బెంగా అదే, పైకి అనలేదు.

"నేను చదువుతాను, వాడు వింటాడు" అంది వదిన.

నా గదిలోంచి అన్నిటికంటే లావుపాటి నవల తీసింది. పడవలు బాగుచేసేవాడి కూతురి కథ. ఎప్పటినుంచో చదవాలనుకుంటూ దాచుకున్నది. వదిన ఫోను పాతది, గంటసేపు చదివి రికార్డు చేస్తే దాన్లో చోటు నిండిపోతుంది, అంత పెద్దది పంపబోతే పోదు. దానికి అన్నయ్య కూతురు, సెలవుకు ఇంటికొచ్చినప్పుడు, ఒక దారి చూపింది. ఇంట్లో ఇంటర్నెట్ ఇచ్చే రూటర్ పెట్టెకు వెనక ఒక కన్నం ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది. అందులో తన పాత హార్డ్‌డిస్కు తగిలించి, ఏవేవో సర్దింది. వదిన చదివి, ఫోన్లో ఒక బొమ్మ నొక్కితే ఆ చదివింది డిస్కులోకి పోతుంది. పట్నంలో నేను నా ఫోన్లో ఇంకో బొమ్మ నొక్కితే అదే డిస్కు తెరుచుకుంటుంది. దానికి పాస్‌వర్డు కూడా పెట్టింది.

"కంప్యూటరు అక్కర్లేదు. ఈ పెట్టెకు కరెంటుంటే చాలు. దీన్ని మాత్రం ఆపకూడదు" అంది, తండ్రి వంకే చూస్తూ.

అటు చూడటానికి కారణముంది. ఒకసారి పిడుగుపాటుకు మా టీవీ కాలిపోయింది. అప్పట్నుంచీ దూరాన ఉరిమితే చాలు, అన్నయ్య లేచి ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తాడు. ఆకాశానికి స్విచ్చి ఉంటే అదీ ఆపేసేవారని వదిన అంటుంది.

ఆపరేషన్ అయింది. ముఖం పట్టే కన్నమున్న దిండు మీద బోర్లా పడుకున్నాను. కింద పీట మీద ఫోను. బొమ్మ నొక్కగానే వదిన వచ్చింది.

ఏం చదవడం అది! ముఖ్యమనుకున్న వాక్యాన్ని రెండుసార్లు చదివేది. కథలోకి ఎవరైనా వస్తున్నారంటే గొంతు లేపేది, ప్రయాణికులు సామాన్లు సర్దుకోవాలన్నట్టు. చావునూ పెళ్లినీ ఒకే గొంతుతో, ఆలస్యమైన బస్సులా చెప్పేది. మొదటిరోజు దిండులో నవ్వాపుకోలేక, తల ఎక్కడ కదులుతుందోనని హడలిపోయాను. తర్వాత తర్వాత ఆ గొంతే బాగుందనిపించింది. ఏడవాల్సిన చోట ఆవిడ ఏడవకపోవడంతో ఆ చోటు నాకు మిగిలేది. బోర్లా పడుకున్నానన్న సంగతి గంటలకొద్దీ మరిచిపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం డిస్కు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ. ఫోను ఏదో చెబుతోంది, ఎడమకంటికి ఆనడం లేదు. చేతిలోకి తీసుకుని చూశాను. కంట్లో బుడగ కదిలి నల్లటి చక్రంలా తిరిగినప్పుడు గాని తెలియలేదు, తల ఎత్తానని. గభాల్న దించేశాను. చేసిందంతా చేసి, ఇక చేయడానికేమీ లేక, నేల మీది పలకలకేసి చూస్తూ భయపడ్డాను.

తడుముకుని వదినకు ఫోన్ చేశాను. ఉరిమిందట, అన్నయ్య అన్నీ పీకేశాడట, కునుకు పట్టి తను చూసుకోలేదట. నేను తల ఎత్తిన సంగతి చెప్పాను. "సరే, ఫోను పెట్టెయ్" అంది.

సాయంత్రానికి డిస్కు తెరుచుకుంది. కొత్త అధ్యాయం ఉంది. వదినకు చదివింది దిద్దడం రాదు, నొక్కింది నొక్కినట్టే పోతుంది. అందుకని, పడవ నదిలోకి దిగుతుండగా ఉరుము వినిపించింది. అది నవలలోది కాదు. వెంటనే చెప్పుల చప్పుడు.

"లే, ప్లగ్గు తియ్యాలి." అన్నయ్య.

"అన్నీ తీసుకోండి. ఆ ఒక్కటీ ముట్టుకోకండి."

"కాలిపోతుందే!"

"కాలితే కొత్తది కొందాం. అబ్బాయి తల ఎత్తితే కొత్త కన్ను ఏ కొట్లో దొరుకుతుంది?"

మళ్లీ ఉరిమింది. కుర్చీ ఈడ్చిన చప్పుడు. "అయితే నువ్వు దానికి దూరంగా కూర్చుని చదువు" అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి. వదిన ఆపిన వాక్యం దగ్గర మొదలుపెట్టి, దాన్ని రెండుసార్లు చదివింది.

బోర్లా ఉన్నవాడి కన్నీళ్లు చెంప తాకకుండా నేరుగా నేల మీద పడతాయని ఆ సాయంత్రమే తెలిసింది.

ఆ వారమంతా అక్కడ వానలే కురిశాయట. డిస్కు మళ్లీ మూసుకోలేదు, నేను తల ఎత్తలేదు. ఉరిమినప్పుడల్లా అన్నయ్య నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని ఆ పెట్టెకు కాపలా కూర్చున్నాడట. కరెంటు మీద నీళ్లు పోస్తారా అని వదిన చీవాట్లు పెడితే, బకెట్లో నీళ్లు పారబోసి ఇసుక నింపుకొచ్చాడట.

డాక్టరమ్మ చూసి చిల్లు మూసుకుందని చెప్పింది. బుడగ కరిగి చూపు నిలదొక్కుకోవడానికి ఇంకా వారాలు పట్టింది. ఇంటికి వచ్చాక ఒక పొద్దున పేపరు తీస్తే వరుసలు వరుసల్లోనే ఉన్నాయి. వదినకు ఏదో చెప్పాలనుంది. మా ఇంట్లో కృతజ్ఞత లాంటి మాటలు ఎవరూ వాడరు. అంచేత నవల సంగతి ఎత్తాను. ఆ అమ్మాయి చివరికి పడవను అమ్మకపోవడమే నాకు నచ్చిందన్నాను.

"ఏ అమ్మాయి?" అంది వదిన.

నవ్వులాటకు అంటోందనుకున్నాను. కాదు. మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా చదివిన మనిషికి కథ తెలియదు.

"చదివేటప్పుడు మాట నోట్లోంచి పోతుంది గాని బుర్రలోకి రాదు, అబ్బాయ్. పోయే ప్రతి బస్సు గురించీ ఆలోచిస్తే నేను ఇంటికొచ్చేదాన్నా?"

"అంత లావు పుస్తకం, ఏమీ తెలియకుండానే చదివావా?"

"నీకోసం కదా చదివింది."

గదిలోకి వెళ్లి నవల తెచ్చి, ఆవిడ పక్కన కూర్చుని, నా కంటితో మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీ తిప్పకముందే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండుండు. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఎందుకలా వెళ్లిపోయింది?"

"విను, ముందు ముందు తెలుస్తుంది" అన్నాను.