ఇంగువ డబ్బా, పైన్ కొమ్మ

పోపులో ఇంగువ పడగానే అందరికీ వంటిల్లు గుర్తొస్తుందేమో, నాకు మాత్రం గుర్రాలు గుర్తొస్తాయి.

ఎనభైల్లో ఒక వేసవిలో మేముండే నేపర్‌విల్ నుంచి మాంటానా కొండలకి వెళ్లాం. కొన్ని రోజులపాటు పగలంతా పచ్చికబయళ్ల మీద గుర్రపు స్వారీ, సాయంత్రం యర్ట్ అనే గుండ్రటి గుడారంలో బస. దారి చూపించి వండిపెట్టే వాల్ట్ బీన్స్‌లో పంది కొవ్వు కలుపుతాడని అమ్మ అనుమానం.

"మీట్ లేదంటున్నాడుగా," అన్నాడు నాన్న.

అమ్మ నమ్మలేదు. బీన్స్ వాసన చూసి, చెంచాతో కెలికి పక్కన పెట్టేసింది. మా సంచిలోంచి అటుకులూ ఆవకాయా తీసి మాకు పెట్టి, నన్ను వాల్ట్ మీద కాపలా ఉంచింది.

మొదటి సాయంత్రమే ఆయన మా సంచిని వాసన చూశాడు. అందులోని ఇంగువ డబ్బా ఘాటుకి మొహం చిట్లించి, దాన్ని పట్టుకుని చెట్లలోకి నడిచాడు.

"అమ్మా, మన ఫుడ్ స్టీల్ చేస్తున్నాడు!"

"చెప్పానా! ఆ మనిషి చూపే నాకు నచ్చలేదు," అంటూ అమ్మ పరుగెత్తింది.

సంచి ఎత్తైన పైన్ కొమ్మకి, ఆయన వంట సామాను మూట పక్కనే వేలాడుతోంది. తిండి వాసనకి ఎలుగుబంట్లు వస్తాయట. అమ్మకి ఆయన గిన్నె అంటే ఎంత భయమో, ఆయనకి మా డబ్బా అంటే అంత భయమని ఇప్పుడు అర్థమవుతోంది.

మర్నాడు అమ్మ ఆయన పళ్లెంలో కాస్త ఆవకాయ వేసింది. ఆయన అచ్చం అమ్మలాగే వాసన చూసి, చెంచాతో కెలికి, ఇందులో ఏముందని అడిగాడు.

"నో మీట్," అంది అమ్మ.

ఆయన నమ్మి తిన్నాడు. అమ్మ మాత్రం చివరి రోజు దాకా అటుకులే తింది.