బోసి కారులో పెళ్ళికూతురు

చిన్నప్పుడు ఒకసారి అత్తిలిలో పెళ్ళివారి గుమ్మం ముందు మా నాన్న కారుని చూసి "ఇదా పెళ్ళి కారు" అన్నారు... ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ మంటే.

నాన్నది తెల్ల అంబాసిడర్. గుండుగొలనులో టాక్సీ తోలేవాడు. బేరాలన్నీ కొల్లేరు వైపే... చేపల చెరువుల గట్ల మీద, వానాకాలమైతే చక్రాలు సగం బురదలో.

అందరి కార్లలాగే దానికీ మొదట్లో ఒళ్ళంతా మెరుపులే. తలుపుల మీద స్టీలు పట్టీలు, బానెట్ మధ్యలో ఇంకోటి, చక్రాలకి కప్పులు. ఒక వానాకాలం అయ్యాక తలుపు మీది పట్టీ వదులై ఊడింది. దాని కింద చూస్తే రేకు లేదు... ఎర్రటి పొడి. పట్టీ వెనక చేరిన బురద ఆరదు. లోపల్లోపలే తినేస్తుంది. పైకి మాత్రం తళతళ.

నాన్న ఆ పూటే మిగతావన్నీ పీకేశాడు. తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి టింకరింగు చేయించి, పట్టీల క్లిప్పుల కోసం రేకుకి పెట్టిన చిల్లులు పూడ్పించి, లప్పం పెట్టించి, మొత్తం తెలుపు కొట్టించాడు. పట్టీలు మళ్ళీ బిగించమంటారా అని మేస్త్రీ అడిగితే వద్దన్నాడు.

కారు ఇంటికొచ్చాక అమ్మ చూసి "మరీ బోసిగా ఉందండీ" అంది. నాకూ అలాగే అనిపించింది... పక్కకెళ్ళి చూసేదాకా. ముందు దీపం మీద మొదలైన ఒంపు తలుపుల మీదుగా జారి, వెనక డిక్కీ దగ్గర మెత్తగా దిగిపోయింది. ఆ ఒంపు అంతకుముందూ అక్కడే ఉంది. పట్టీ అడ్డంగా కోసేయడం వల్ల మాకు కనపడలేదు.

కానీ టాక్సీ స్టాండులో దాని పేరు బోసి కారు అయిపోయింది. పెళ్ళి బేరాలు ఆగిపోయాయి. చాలా రోజులకి అత్తిలి నుంచి ఒక పెళ్ళి కబురొచ్చింది... పెళ్ళికూతుర్ని ఇంటి నుంచి చర్చికి తీసుకెళ్ళాలి. ఇది కూడా తప్పిపోతే, పెళ్ళి గుమ్మం నుంచి తిరిగొచ్చిన కారని పేరు పడుతుంది. ఇక ఏ శుభకార్యానికీ ఎవరూ పిలవరు. నాన్నకి ఆ భయం ఉందని ముందు సీట్లో కూర్చున్న నాకు తెలుసు... దారిలో రెండుసార్లు ఆపి, దిగి కారు తుడిచాడు.

పెళ్ళికూతురి మేనమామ ఏలూరు నుంచి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి "ఇదా పెళ్ళి కారు" అన్నాడు.

"ఏవండీ డ్రైవరు గారూ, దీని సామానంతా ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"నేనే తీయించానండి. కింద తుప్పు పడుతోందండి."

"తుప్పు సంగతి మీ ఇంటి దగ్గర చూసుకోండి. ఇంకా టైముంది, గూడెం వెళ్ళి కనీసం స్టిక్కరు పట్టీలైనా అంటించుకురండి."

"అంటించనండి. వద్దంటే వెళ్ళిపోతానండి."

నాన్న మెత్తగానే అన్నాడు. కారు తాళం మాత్రం చేతిలో తిప్పుతూనే ఉన్నాడు.

అరుగు మీద కూర్చున్న ముసలావిడ, ఆ మేనమామ తల్లే, అప్పుడు నోరు విప్పింది.

"ఒరేయ్ ప్రసాదూ, నీ మేనకోడలి మెడ చూశావా?"

"ఏమైందమ్మా?"

"ఏమీ లేదు. చెవులకీ లేదు. మన చర్చి సంఘంలో నగ ముట్టుకోం కదా. పిల్లకి లేని సోకు కారుకెందుకురా?"

"నలుగురూ చూస్తారమ్మా..."

"చూడనీ. పిల్లని చూస్తారు. ఏలూరెళ్ళిన కాణ్ణించీ నీకు అన్నీ తళతళలాడాల్సిందే."

అరుగు మీద ఆడవాళ్ళంతా నవ్వేశారు. మేనమామ పక్కకి తప్పుకున్నాడు.

పెళ్ళికూతురు బయటికొచ్చింది. తెల్లచీర, బోసి మెడ, జడలో ఒక్క పువ్వు లేదు. తలుపు మీద చెయ్యి వేసి "బాగుందండీ మీ కారు" అంది నాన్నతో... ఎక్కి కూర్చుంది. చర్చి దాకా రోడ్డు పక్కన జనం ఆగి చూశారు. కారుని చూశారో ఆవిడని చూశారో నాకు తెలియదు.

ఆ తర్వాత ఆ సంఘం పెళ్ళిళ్ళకి నాన్ననే పిలిచారు.

ఇప్పుడు నేను ఏలూరులో కార్ల పెయింటింగ్ షెడ్డులో పని చేస్తున్నాను. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, రేకుని చూసి నేర్చుకున్నాను. కొత్త కారు తెస్తారు... హ్యాండిలుకో తొడుగు, పెట్రోలు మూతకో తొడుగు, దీపాల చుట్టూ ఇంకో తొడుగు. అంతా మెరుపు పూసిన ప్లాస్టిక్కు. ఆ బండికి ఒంపు గీసినవాడు ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నాడో ఎవడికీ అక్కర్లేదు. టేపు వేసి అంటించమని నా చేతికే ఇస్తారు. అంటిస్తాను, పని కాబట్టి. ఒళ్ళు మండుతుంది.

వాళ్ళ మీద కోపం పూర్తిగా నిలవదు కూడా. ఎన్నాళ్ళకో కొనుక్కున్న కారు... నలుగురికీ కనపడాలని ఉండదా మరి.

నాన్న చూపు తగ్గాక అంబాసిడర్ని అమ్మేశాడు. కొన్నాయన్ని ఒక్కటే అడిగాడు... "తలుపులకి మళ్ళీ చిల్లులు పెట్టించకండి." ఆయన అలాగేనండి అన్నాడు. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారిందో, ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో తెలియదు.

ఏమీ తగిలించని పాత కారు మీ వీధిలోనూ ఉండేదా... ఉంటే కింద రాయండి, పక్కనుంచి తీసిన ఫోటో దొరికితే పెట్టండి. మా తెల్ల అంబాసిడర్ ఎవరికైనా కనిపిస్తే అదీ చెప్పండి. పట్టీలు బిగించేసి ఉంటే మాత్రం... చెప్పకండి. నాన్న ఈ పోస్టులూ, కింద మీరు రాసేవీ అన్నీ నాతో చదివించుకుంటాడు.