తుప్పు మీద నల్లరంగు

ఈ రోజు పుంగనూరులో ఒకడి బేరం చెడగొట్టి వచ్చాను. ప్రాణం హాయిగా ఉంది.

అతను పాత బండ్లు అమ్ముతాడు. పోయినేడు అతని దగ్గర మేమొక పికప్ కొన్నాం. మంచు కురిసే ప్రాంతంలో తిరిగిన బండి అది. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారట. ఆ ఉప్పు బండి అడుగంతా తినేస్తే, తుప్పు మీదే నల్లరంగు కొట్టించి మాకు అంటగట్టాడు. పోయిన నెల మదనపల్లె మార్కెట్‌కు టమోటాలు తీసుకెళ్తుంటే ఛాసీ విరిగి బండి పక్కకు ఒరిగింది. నడుపుతున్న మా ఆయన కాలు విరిగింది.

ఈ రోజు అదే ప్రాంతం నుంచి తెచ్చిన ఇంకో బండిని కుప్పం రైతుకు చూపిస్తున్నాడని తెలిసి, సుత్తి తీసుకుని వెళ్లాను.

"అన్నా, కొనేముందర దీంతో అడుగున కొట్టి సూడు" అని రైతు చేతికిచ్చాను. ఆయన బండి కిందికి దూరి రెండు దెబ్బలు వేశాడు. రంగుతో పాటు తుప్పు పెచ్చులు ముఖం మీద రాలాయి.

"యాలమ్మా నా కడుపు కొడతాండావు?" అని బండ్లతను అరిచాడు.

"నా మొగుని కాలు ఇరిగినప్పుడు నువ్వు సూడనన్నా రాలేదు. తుప్పు గీకి, బాగుచేసి, ఆమీద రంగు కొట్టింటే నేను ఈడికి వచ్చేదాన్నే కాదు."

రైతు ముఖం తుడుచుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఇంక వదిలేయ్" అన్నాడు. నేను వదలను. బండి చూడటానికి ఎవరొచ్చినా ఫోన్ చేయమని అతని షెడ్డు ఎదురుగా ఉన్న టీ అంగడామెకు చెప్పి వచ్చాను. మీరైతే వదిలేస్తారా?